బాణామతి

బాణామతి అనేది తెలంగాణ పల్లెల్లో, ముఖ్యంగా పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్, మెదక్ జిల్లాల్లో ప్రచారంలో ఉన్న ఒక క్షుద్రవిద్యా విశ్వాసం. మంత్రగాడు దూరంగా ఉండి కంటికి కనబడని శక్తిని ప్రయోగించి, ఎదుటి మనిషి నెత్తురును, ప్రాణాన్ని క్రమంగా హరించగలడని ఈ విశ్వాసం చెబుతుంది. ఇటువంటి శక్తి ఉన్నదనడానికి ఆధారం ఏదీ లేదు. అయితే ఈ నమ్మకం వల్ల జరిగే దాడులు, హత్యలు, వెలివేతలు మాత్రం వాస్తవమైనవి. అందువలన బాణామతిని జానపద విజ్ఞానం, వైద్యం, మనస్తత్వ శాస్త్రం, న్యాయశాస్త్రం అనే నాలుగు కోణాల నుండి పరిశీలించవలసి ఉన్నది.

పేరు

ఈ పదం తెలుగుకు మాత్రమే పరిమితం కాదు. మహారాష్ట్రలోని మరాఠ్వాడా ప్రాంతంలోనూ, కర్ణాటకలోని బీదర్, కలబురగి జిల్లాల్లోనూ "భానామతి" అనే పేరుతో ఇదే విశ్వాసం ఉన్నది. ఈ ప్రాంతాలన్నీ 1948 వరకు నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో ఉండేవి. ఉత్తర భారతదేశపు జానపద కథల్లో ఇంద్రజాల విద్యలో ఆరితేరిన భానుమతి అనే స్త్రీ కనిపిస్తుంది. హిందీలో కలగాపులగంగా వస్తువులున్న పెట్టెను "భానుమతి పెట్టె" అనే అర్థంలో పిలుస్తారు. బాణామతి అనే మాట ఈ పేరు నుండే వచ్చి ఉంటుందని ఒక అభిప్రాయం.

తెలుగునాట ఇదే తరహా విశ్వాసానికి ప్రాంతాన్ని బట్టి వేర్వేరు పేర్లు కలవు.

- చేతబడి: తెలుగు ప్రాంతాలన్నింటిలో వాడుకలో ఉన్న పేరు.
- చిల్లంగి: కోస్తాంధ్రలో, ముఖ్యంగా గోదావరి జిల్లాల్లో వినిపించే పేరు.
- ప్రయోగం: ఒక వ్యక్తిని గురి పెట్టి చేసినట్లు భావించే మంత్రకర్మ.
- మందు పెట్టడం: అన్నంలోనో, కల్లులోనో రహస్యంగా ఏదో కలిపి ఇచ్చారనే నమ్మకం.
- మంత్రాలు చేయడం: ఉత్తర తెలంగాణలో నిత్యవ్యవహారంలో ఎక్కువగా వాడే మాట. పత్రికల్లో "మంత్రాల నెపంతో" అనే మాట దీని నుండే వచ్చినది.

ప్రాంతం

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు గోదావరి నదికి ఇరువైపులా ఉన్నవి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పూర్వపు ఆదిలాబాద్ జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విడిపోయింది. పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడగా, కొన్ని మండలాలు పొరుగు జిల్లాల్లో కలిసినవి.

ఆదిలాబాద్ ఏజెన్సీలో గోండులు, కొలాములు, నాయకపోడు, తోటి, పరధాను తెగలవారు నివసిస్తున్నారు. 1940లో జోడేఘాట్ వద్ద కుమురం భీం మరణించిన తరువాత, నిజాం ప్రభుత్వం కోరికపై మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ గోండుల జీవనాన్ని అధ్యయనం చేశాడు. ఆయన మార్లవాయి గ్రామంలో నివసించి, గోండుల దేవతలు, పితృదేవతలు, కర్మకాండలు మొదలైన విషయాలను విపులంగా నమోదు చేశాడు. ఆయన రచించిన ఆదిలాబాద్ రాజగోండుల గ్రంథం 1948లో వెలువడింది. గోండుల పెర్సపేన్ ఆరాధన, కొలాముల భీమయ్యక్ ఆరాధన అనేవి వంశాన్నీ, ఊరినీ కాపాడే దైవారాధనలు. వాటిని క్షుద్రవిద్యతో కలిపి చూడడం సరికాదు. మైదాన ప్రాంతపు పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ కొలువులకు కూడా ఇదే వర్తిస్తుంది.

నమ్మకం స్వరూపం

బాణామతి సోకినట్లు చెప్పే ఇంట్లో కొన్ని సంఘటనలు జరుగుతాయని ప్రచారం. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

- దండెం మీద ఆరేసిన బట్టలు, గడ్డివాములు తమంతట తామే అంటుకోవడం.
- ఇంటి పైకప్పు మీద రాళ్ళు పడడం.
- వండిన అన్నంలో పురుగులు, వెంట్రుకలు, మలం కనిపించడం.
- పాడిపశువు పాలకు బదులు నెత్తురు ఇవ్వడం.
- నిద్ర లేచేసరికి ఒంటి మీద గీతలు, కమిలిన మచ్చలు కనిపించడం.
- స్త్రీలు ఉన్నట్టుండి కుక్కలా మొరగడం, వింత గొంతుతో మాట్లాడడం.
- మనిషి అన్నం సయించక, పాలిపోయి, ఎండుకొనిపోయి, చివరకు నెత్తురు కక్కుకొని చనిపోవడం.

నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, గుచ్చిన సూదులు, పిండితో చేసిన బొమ్మ, కోడి తల వంటివి ఇంటి ముందో, నాలుగు బాటలు కలిసేచోటో కనిపిస్తే ఆ నమ్మకం బలపడుతుంది. అమావాస్య, ఆదివారం రోజులకు ఈ విషయంలో ప్రత్యేక ప్రాధాన్యం ఇస్తారు.

గాలి, మంచు, నెత్తురు

ఉత్తర తెలంగాణ జానపదుల ఊహలో దుష్టశక్తికి తరచుగా రూపం ఉండదు. "గాలి సోకింది", "గాలి ధూళి తగిలింది" అనే వాడుకలు దీనికి నిదర్శనం. ఈ శక్తి గోడను దాటుతుందని, తలుపు సందు నుండి దూరుతుందని, నిద్రిస్తున్న మనిషి గుండెల మీద కూర్చుంటుందని నమ్ముతారు. ఆయుధంతో కొట్టడానికి దానికి శరీరం లేదు కనుక వేపమండలు, సాంబ్రాణి పొగ, ఇనుప వస్తువు, తాయత్తు, అంత్రం వంటివే దానికి విరుగుడని భావిస్తారు. చెరువు గట్ల మీద, వల్లకాటి దగ్గర కదిలే వెలుగుగా కనిపించే కొరివి దయ్యం కూడా ఈ కోవకు చెందినదే. ఒంటరి బాటసారిని దారి తప్పించి నీళ్ళలోకో, అడవిలోకో లాగుతుందని దాని గురించి చెబుతారు.

ఈ ఊహకు భౌగోళిక నేపథ్యం కూడా కొంత కలదు. గోదావరి, ప్రాణహిత, మానేరు, కడెం నదుల లోయల్లోనూ, ఆదిలాబాద్ అడవుల్లోనూ శీతాకాలపు రాత్రులు చల్లగా ఉంటాయి. సిర్పూర్ (యు), గిన్నెధరి వంటి చోట్ల కనిష్ఠ ఉష్ణోగ్రత కొన్ని రోజులు 5 డిగ్రీల సెల్సియస్ దరిదాపుకు పడిపోతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల వేగంగా చల్లబడి, దానిని ఆనుకొని ఉన్న తేమగాలి పొగమంచుగా మారుతుంది. ఈ మంచు చెరువులు, వరిపొలాల మీద తెల్లవారుజామున కదులుతున్నట్లు కనిపిస్తుంది. వానాకాలం ముగిసి చలి మొదలయ్యే ఈ రోజులకు ముందే ఏజెన్సీ గూడేలలో జ్వరాలు ప్రబలుతాయి. జ్వరం వచ్చి, ఒళ్ళు తెల్లబడి, మనిషి నీరసించడాన్ని కనబడని గాలికి ఆపాదించడం ఈ విధంగా సులభమైంది.

ఇటువంటి ఊహ తెలంగాణకు మాత్రమే చెందినది కాదు. చిత్తడి నేలల నుండి లేచే చెడుగాలి వల్ల చలిజ్వరం వస్తుందని ఐరోపాలో శతాబ్దాల పాటు వైద్యులు సైతం నమ్మారు. మలేరియా అనే పదానికి ఇటాలియన్ భాషలో "చెడుగాలి" అని అర్థం. ఆ నమ్మకాన్ని తొలగించిన పరిశోధన తెలంగాణలోనే జరగడం విశేషం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోని బేగంపేటలో సర్ రోనాల్డ్ రాస్, రోగి నెత్తురు తాగిన దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఈ కృషికి ఆయనకు 1902లో నోబెల్ బహుమతి లభించింది. రాత్రివేళ వచ్చి నెత్తురు పీల్చి జ్వరాన్ని ఇచ్చేది గాలి కాదని, దోమ అని దీనితో తేలింది.

శాస్త్రీయ వివరణ

బాణామతి లక్షణాలుగా చెప్పేవాటిలో అధిక భాగానికి వైద్యపరమైన, రసాయనికమైన వివరణలు ఉన్నవి.

నెత్తురు తగ్గిపోవడం

మనిషి క్రమంగా పాలిపోవడానికి ప్రధాన కారణం రక్తహీనత. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 సంవత్సరాల వయసు గల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఆహారంలో ఇనుము కొరత, తరచు కాన్పులు, మలేరియా, కొంకి పురుగులు దీనికి ముఖ్య కారణాలు.

కొంకి పురుగు నిజంగానే నెత్తురు పీల్చే జీవి. మలంతో కలుషితమైన తడినేల మీద చెప్పులు లేకుండా నడిచినపుడు దీని పిల్లపురుగు అరికాలి చర్మం గుండా లోపలికి ప్రవేశించి, రక్తప్రవాహంలో ఊపిరితిత్తులకు, అక్కడి నుండి గొంతు ద్వారా చిన్నప్రేగుకు చేరుతుంది. ఇందులో అంకిలోస్టోమా జాతి పురుగు ఒక్కొక్కటి రోజుకు సుమారు 0.15 నుండి 0.2 మిల్లీలీటర్ల రక్తాన్ని హరిస్తుంది. ఆ లెక్కన 100 పురుగులున్న మనిషి రోజుకు 15 నుండి 20 మిల్లీలీటర్ల రక్తాన్ని కోల్పోతాడు. బయటికి గాయం గానీ, చుక్క నెత్తురు గానీ కనిపించదు. ఆల్బెండజోల్ మాత్ర, ఇనుము మాత్రలు, మరుగుదొడ్డి, కాళ్ళకు చెప్పులు దీనికి సరైన నివారణ.

ఆదిలాబాద్ ఆదివాసుల్లో కనిపించే సికిల్ సెల్ రక్తహీనత వంశపారంపర్యంగా వచ్చే వ్యాధి. ఇందులో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారి త్వరగా నశిస్తాయి. ఒకే ఇంట్లో ఒకరి తరువాత ఒకరు పిల్లలు జబ్బు పడడం, ఉన్నట్టుండి కీళ్ళలో, ఎముకల్లో భరించలేని నొప్పి రావడం దీని లక్షణాలు. కారణం తెలియని కుటుంబం దీనిని తమ ఇంటి మీద జరిగిన ప్రయోగంగా భావించే అవకాశం ఎక్కువ. ఈ వ్యాధి నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

నెత్తురు కక్కడం

"నెత్తురు కక్కుకొని చస్తావు" అనే శాపనార్థం తెలుగునాట అంతటా వినిపిస్తుంది. వైద్యశాస్త్రం ప్రకారం నోటి నుండి రక్తం పడడానికి క్షయ, జీర్ణాశయపు పుండు, కాలేయం గట్టిపడడం వల్ల అన్నవాహికలోని సిరలు చిట్లడం ప్రధాన కారణాలు. వీటిలో చివరిది దీర్ఘకాలం సారా, గుడుంబా తాగేవారిలో తరచుగా కనిపిస్తుంది. సిర చిట్లినపుడు అంతవరకు మామూలుగా తిరుగుతున్న మనిషి కొద్ది గంటల్లోనే మరణించవచ్చును. చూసేవారికి ఇది మంత్రప్రభావం వలె తోస్తుంది.

పాలలో నెత్తురు

పశువులకు పొదుగువాపు వ్యాధి సోకినపుడు, లేదా పొదుగుకు దెబ్బ తగిలినపుడు పాలలో రక్తపు జీరలు, గడ్డలు కనిపిస్తాయి. పశువైద్యంతో ఇది నయమవుతుంది.

గుండెల మీద బరువు

నిద్ర నుండి మెలకువ వచ్చే సమయంలో మెదడు మేలుకొన్నా, కండరాలు కొన్ని క్షణాల నుండి కొన్ని నిమిషాల వరకు కదలకపోవడాన్ని నిద్రా పక్షవాతం అంటారు. ఆ సమయంలో ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్లు, గదిలో ఏదో నీడ ఉన్నట్లు అనుభవం కలుగుతుంది. ఇది ఆరోగ్యవంతులకు కూడా వస్తుంది.

మంటలు, నెత్తురు నిమ్మకాయ

పసుపుపచ్చ భాస్వరం గాలి తగిలితే తనంతట తానే మండుతుంది. పొటాషియం పర్మాంగనేటు మీద గ్లిజరిన్ పోసినా కొద్దిసేపటికి మంట వస్తుంది. మందారపువ్వు రసం పూసి ఆరబెట్టిన కత్తితో నిమ్మకాయ కోస్తే, ఆ పులుపుకు రసం ఎర్రబడి నెత్తురు వలె కారుతుంది. పసుపు నీటిలో సున్నం కలిపితే ఎర్రని నీరు వస్తుంది. ఇళ్ళలో దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఇవే. మంత్రగాళ్ళుగా చెప్పుకొనేవారు ప్రదర్శించే అద్భుతాల్లో చాలా వరకు ఈ రకమైనవే.

మానసిక కారణాలు

మొరగడం, వింతగా మాట్లాడడం, కాళ్ళూచేతులూ పడిపోవడం వంటివి తీవ్రమైన మానసిక ఒత్తిడి శారీరక లక్షణాలుగా బయటపడడమని మానసిక వైద్యులు వివరిస్తారు. బాధను నోరు తెరిచి చెప్పుకొనే అవకాశం లేనివారిలో, ముఖ్యంగా కొత్త కోడళ్ళలో, కౌమారదశలోని పిల్లల్లో ఇది అధికం. ఒకరిని చూసి మరొకరికి ఇదే లక్షణం రావడాన్ని సామూహిక హిస్టీరియా అంటారు. ఊరిలో బాణామతి ఉన్నదనే మాట వ్యాపించిన తరువాత బాధితుల సంఖ్య పెరగడానికి ఇదే కారణం.

కొరివి దయ్యం

చిత్తడి నేలల్లో కుళ్ళిన పదార్థాల నుండి వెలువడే వాయువులు మండడం వలన, మిణుగురుల గుంపుల వలన, పొగమంచులో దూరపు దీపపు వెలుగు చెదరడం వలన కదిలే వెలుగులు కనిపిస్తాయి.

గబ్బిలాల విషయంలో కూడా ఒక అపోహ కలదు. రక్తాన్ని ఆహారంగా తీసుకొనే గబ్బిలాలు మూడు జాతులు మాత్రమే ఉన్నవి. అవి మెక్సికో నుండి దక్షిణ అమెరికా వరకు గల ప్రాంతంలో తప్ప మరెక్కడా లేవు. తెలంగాణలోని గబ్బిలాలు పండ్లను, పురుగులను, కొన్ని జాతులు కప్పలు, ఎలుకల వంటి చిన్న జీవులను తింటాయి.

ఆరోపణ, హింస

బాణామతి వలన జరిగే అసలు నష్టం ఆరోపణతో మొదలవుతుంది. ఒక ఇంట్లో వరుసగా చావులు సంభవించినా, నయంకాని జబ్బు వచ్చినా, కుటుంబం భూతవైద్యుని వద్దకు వెళ్తుంది. ఆ వ్యక్తి "మీకు తెలిసినవారే చేశారు", "ఫలానా దిక్కున ఉన్నారు" అని సూచన ఇస్తాడు. ఇంటివారు తమకు గిట్టనివారిని ఆ సూచనకు సరిపోల్చుకొంటారు. ఈ విధంగా అనుమానం ఒక మనిషి మీద స్థిరపడుతుంది.

ఆరోపణకు గురయ్యేవారిలో వృద్ధులు, వితంతువులు, ఒంటరి స్త్రీలు, నాటువైద్యం తెలిసినవారు, పేదలు, దళితులు, ఆదివాసులు ఎక్కువగా ఉంటారు. భూమి తగాదా, అప్పు, దాయాదుల కలహం వంటివి తరచుగా ఆరోపణ వెనుక దాగి ఉంటాయి. మొదట పలకరింపులు ఆగిపోతాయి. తరువాత పెళ్ళిళ్ళకు, చావులకు పిలుపు ఉండదు. ఆపై పంచాయితీ పెట్టి జరిమానా వేయడం, గుడిలో ప్రమాణం చేయించడం, చెట్టుకు కట్టివేసి కొట్టడం, ఊరి నుండి వెళ్ళగొట్టడం జరుగుతాయి.

తెలంగాణలో కనిపించిన ఒక క్రూరమైన ఆచారం పళ్ళు పీకడం. పళ్ళు లేకపోతే మంత్రాక్షరాలు స్పష్టంగా పలకలేరని, అందువలన మంత్రం పనిచేయదని దీని వెనుక ఉన్న నమ్మకం. ఊరి నడుమ అందరూ చూస్తుండగా పటకారుతో పళ్ళు ఊడబెరికిన సంఘటనలు పలుమార్లు వార్తల్లోకి ఎక్కినవి.

ఈ హింస చదువు లేనితనం వల్ల మాత్రమే జరుగుతుందనే అభిప్రాయం సరైనది కాదు. 2020 నవంబరులో జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో సాఫ్ట్‌వేర్ రంగానికి చెందిన ఒక ఉద్యోగి మంత్రాలు చేశాడనే అనుమానంతో సజీవ దహనానికి గురయ్యాడు. 2022 జనవరి 20న జగిత్యాల పట్టణంలోనే, కులసంఘం సమావేశం జరుగుతున్న సమయంలో, ఒకే కుటుంబానికి చెందిన తండ్రి, ఇద్దరు కుమారులు ఇదే అనుమానంతో హత్యకు గురయ్యారు. జిల్లా కేంద్రంలో పట్టపగలు జరిగిన ఈ సంఘటన రాష్ట్రవ్యాప్తంగా చర్చకు దారి తీసింది.

జాతీయ నేర గణాంకాల సంస్థ తన వార్షిక నివేదికల్లో హత్యలకు గల కారణాల్లో మంత్రవిద్యను ప్రత్యేకంగా లెక్కిస్తుంది. ఈ కారణంతో దేశవ్యాప్తంగా 2021లో 68 హత్యలు, 2022లో 85 హత్యలు నమోదైనవి. వెలివేతలు, దెబ్బలు, అవమానాలు ఈ లెక్కలోకి రావు.

చికిత్స కోసం వెతుకులాట

బాణామతి సోకిందని భావించినవారు సాధారణంగా మొదట ఇంట్లోనే దిష్టి తీస్తారు. తరువాత భూతవైద్యుల వద్దకు, దర్గాలకు, దేవాలయాలకు వెళ్తారు. జగిత్యాల జిల్లాలోని కొండగట్టు ఆంజనేయస్వామి ఆలయంలో 40 రోజులు సేవ చేస్తే మతిస్థిమితం లేనివారికి నయమవుతుందని భక్తుల విశ్వాసం. ఆలయంలో ఉండడం వలన రోగికి ఊరి అనుమానాల నుండి, ఇంటి ఒత్తిడి నుండి కొంత ఎడబాటు, తోటివారి ఆదరణ లభించవచ్చును. అయితే క్షయ, మలేరియా, మూర్ఛ, తీవ్రమైన మానసిక వ్యాధులకు వైద్యం ఆలస్యమైతే ప్రాణాపాయం కలుగుతుంది. దైవదర్శనం చేసుకొంటూనే మందులు వాడుకోవడానికి అడ్డంకి ఏమీ లేదు.

"మందు తీస్తాము" అని చెప్పి గొంతులోకి గొట్టాలు, ఆకు పసరులు పంపి వాంతి చేయించేవారు కూడా ఉన్నారు. ముందుగానే నోటిలోనో, చేతిలోనో దాచుకొన్న వెంట్రుకల ఉండను, మాంసపు ముక్కను బయటికి తీసినట్లు చూపడం వీరి పద్ధతి. ఇందువలన అన్నవాహికకు గాయం, పసరు ఊపిరితిత్తులలోకి వెళ్ళడం వంటి ప్రమాదాలు కలుగుతాయి.

చట్టం

మంత్రగత్తె ఆరోపణలను నిరోధించడానికి బీహార్ (1999), జార్ఖండ్ (2001), ఛత్తీస్‌గఢ్ (2005), ఒడిషా (2013), రాజస్థాన్ (2015) రాష్ట్రాలు ప్రత్యేక చట్టాలు చేసినవి. మహారాష్ట్రలో మూఢనమ్మకాల నిర్మూలనకు జీవితాంతం కృషి చేసిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్ 2013 ఆగస్టు 20న పుణెలో హత్యకు గురయిన తరువాత, అదే సంవత్సరం అమానవీయ, దురాచార, క్షుద్రవిద్యల నిరోధక చట్టం వచ్చినది. కర్ణాటక 2017లో ఇటువంటి చట్టాన్ని ఆమోదించింది.

తెలంగాణలో ఈ నేరాలను సాధారణ శిక్షాస్మృతి కింద విచారిస్తారు. 2024 జూలై 1న భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినది. దాని ప్రకారం వర్తించే ముఖ్య విభాగాలు ఇవి.

- హత్య: సెక్షన్ 103.
- తీవ్ర గాయం: సెక్షన్లు 116, 117. పంటిని విరగగొట్టడం, ఊడగొట్టడం కూడా నిర్వచనం ప్రకారం తీవ్ర గాయమే. కనుక పళ్ళు పీకడం చిన్న నేరం కాదు.
- మోసం: సెక్షన్ 318. మంత్రాల పేరుతో డబ్బు వసూలు చేసేవారికి ఇది వర్తిస్తుంది.
- దైవాగ్రహానికి గురవుతావని నమ్మించి బలవంతం చేయడం: సెక్షన్ 354.

బాధితులు షెడ్యూల్డు కులాలకు లేదా తెగలకు చెందినవారైతే అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. 2015లో చేసిన సవరణ, మంత్రవిద్య చేస్తున్నారనే ఆరోపణతో ఆ వర్గాలవారిని శారీరకంగా గాయపరచడాన్ని, మానసికంగా హింసించడాన్ని ప్రత్యేక నేరంగా పేర్కొన్నది. అంతర్జాతీయ స్థాయిలో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల మండలి 2021 జూలైలో ఇటువంటి ఆరోపణల వల్ల జరిగే హానిని నిర్మూలించాలని తీర్మానించింది.

నిర్మూలన కృషి

గోరా 1940లో స్థాపించిన నాస్తిక కేంద్రం 1980లలో తెలంగాణ జిల్లాల్లో, ముఖ్యంగా మెదక్‌లో, బాణామతి భయాన్ని పోగొట్టడానికి కార్యక్రమాలు నిర్వహించింది. వైద్యులు, మానసిక నిపుణులు, ఇంద్రజాలికులు కలిసి గ్రామాలకు వెళ్ళడం ఈ కృషిలోని ప్రత్యేకత. 1988లో ఏర్పడిన జనవిజ్ఞాన వేదిక పాఠశాలల్లో, ఊరి కూడళ్ళలో "అద్భుతాల" రహస్యాలను ప్రయోగాలతో చూపుతూ వచ్చినది. పోలీసు శాఖ కళాబృందాలు కూడా పాటలు, నాటికల ద్వారా గ్రామాల్లో ప్రచారం చేస్తుంటాయి. "మంత్రాలకు చింతకాయలు రాలతాయా" అనే సామెత ఈ ప్రచారాల్లో తరచుగా వినిపిస్తుంది. పల్లెవాసులలో ఈ విషయమై సందేహం కూడా అనాదిగా ఉన్నదనడానికి ఈ సామెతయే నిదర్శనం.

1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన 51ఎ అధికరణం, శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం ప్రతి పౌరుని ప్రాథమిక విధిగా పేర్కొన్నది. దాభోల్కర్ వర్ధంతి అయిన ఆగస్టు 20ని 2018 నుండి ప్రజా సైన్స్ సంస్థలు జాతీయ శాస్త్రీయ దృక్పథ దినంగా పాటిస్తున్నవి. రోనాల్డ్ రాస్ ఆవిష్కరణకు గుర్తుగా జరుపుకొనే ప్రపంచ దోమల దినం కూడా అదే రోజు.

సాహిత్యం, సినిమా, ఆటలు

యండమూరి వీరేంద్రనాథ్ నవల తులసిదళం, దాని కొనసాగింపు తులసి క్షుద్రవిద్యను ఇతివృత్తంగా తీసుకొని విశేష పాఠకాదరణ పొందినవి. ఇవి మూఢనమ్మకాలను పెంచుతున్నాయని రంగనాయకమ్మ తీవ్రంగా విమర్శించారు. ఈ వాదోపవాదాలు తెలుగు పాఠకలోకంలో చాలాకాలం సాగినవి. చలనచిత్రాల్లో కాష్మోరా (1986), తులసిదళం (1989), మా ఊరి పొలిమేర (2021), విరూపాక్ష (2023) ఈ కోవకు చెందినవి. విరూపాక్ష కథకు ఊరివారు అనుమానంతో ఒక జంటను చంపడమే మూలం.

పాశ్చాత్య సాహిత్యంలో బ్రామ్ స్టోకర్ 1897లో రచించిన డ్రాక్యులా నవలలోని రక్తపిశాచి పొగమంచుగా మారి తలుపు సందుల నుండి ప్రవేశిస్తుంది. 1974లో వెలువడిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట ఇటువంటి ఊహలను ఆటనియమాలుగా మలిచింది. అందులోని వాంపైరిక్ మిస్ట్ అనే జీవి, తన సమాధికి తిరిగి చేరలేకపోయిన రక్తపిశాచి యొక్క అవశేషం. పొగమంచు రూపంలో తిరుగుతూ నెత్తురు పీల్చే ఈ జీవికి ఎండ హానికరం. 2018లో వచ్చిన మోర్డెన్‌కైనెన్స్ టోమ్ ఆఫ్ ఫోస్ అనే పుస్తకంలో దీని వివరాలు ఉన్నవి.

ఈ కల్పనకూ, బాణామతికీ పోలిక ఉన్నప్పటికీ ఒక మౌలికమైన తేడా కలదు. ఆటలోని మంచు దయ్యానికి మనిషి ముఖం ఉండదు. అందరూ కలిసి దానిని ఎదుర్కొంటారు, ఆట ముగిసిన తరువాత ఎవరి ఇళ్ళకు వారు వెళ్తారు. బాణామతి విషయంలో కనబడని శక్తికి పొరుగింటి మనిషి ముఖాన్ని తగిలిస్తారు. అందుచేత ఇక్కడ దెబ్బ తగిలేది దయ్యానికి కాదు, మనిషికి.

ఇవి కూడా చూడండి

- చేతబడి
- కొరివి దయ్యం
- సికిల్ సెల్ వ్యాధి
- మలేరియా
- రోనాల్డ్ రాస్
- కొండగట్టు
- జనవిజ్ఞాన వేదిక
- నరేంద్ర దాభోల్కర్